గుర్రం ఎందుకు కరుస్తుంది? మా బాద్‌షాకి ఆ అలవాటు నేర్పింది నేనే

  

ఇవాళ్టి ఎపిసోడ్‌లో జోకులు కొంచెం తక్కువ ఉంటాయి, ముందే చెప్పేస్తున్నా. మన ఛానల్‌లో ఒకప్పుడు బాగా వ్యూస్ వచ్చిన రీల్ ఒకటి ఉండేది. తెల్ల గుర్రం ఒకటి నా షర్ట్ జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ లాగేసుకుని తినేస్తుంది, నేను పడీ పడీ నవ్వుతుంటాను. గుర్తుందా? "అన్నా, ఆ రీల్ ఎందుకు డిలీట్ చేశావ్?" అని చాలామంది కామెంట్స్‌లో అడిగారు. నేను రిప్లై ఇవ్వలేదు. ఇవాళ ఇస్తాను.

ఆ రీల్ తీసిన నాలుగు నెలలకి అదే గుర్రం పదేళ్ళ పిల్లాడి భుజం కరిచింది. ఆ పిల్లాడు మా మేనమామ కొడుకు.

సో, ఇవాళ టాపిక్ గుర్రాల చెడ్డ అలవాట్లు, ముఖ్యంగా కరవడం. ఎందుకు కరుస్తాయి, అలవాటు ఎలా పడుతుంది, ఎలా మానిపించాలి, కరిస్తే వెంటనే ఏం చేయాలి. మీ ఇంట్లో గుర్రం ఉండకపోవచ్చు. కానీ పెళ్ళి బరాత్‌లో గుర్రం పక్కన డాన్స్ చేస్తారు, వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్తే గుర్రం పక్కన సెల్ఫీ దిగుతారు. కాబట్టి చివరిదాకా చూడండి.

ముందు కథ చెప్తా. మా మామయ్యది సూర్యాపేట వైపు ఒక ఊరు. పెళ్ళిళ్ళకి గుర్రాలు పంపుతాడు. మూడు గుర్రాలున్నాయి, వాటిలో బాద్‌షా అంటే అందరికీ ఇష్టం. ఆరేళ్ళ మగ గుర్రం. మార్వాడీ జాతి రక్తం కొంచెం ఉంది, అందుకే చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి ముట్టుకున్నట్టు ఉంటాయి. చూడ్డానికి నిజంగా బాద్‌షానే.

నేను జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో కంటెంట్ కోసం ఊరికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు దానికి చేత్తో బిస్కెట్ పెట్టాను. మర్నాడు జేబు దగ్గరికి మూతి తెచ్చింది. భలే ఉందే అనుకుని ఫోన్ ఆన్ చేశాను. తర్వాత ప్రతిసారీ జేబులో ఏదో ఒకటి పెట్టుకుని వెళ్ళడం, అది లాక్కోవడం, మనం నవ్వడం. రీల్ వైరల్ అయ్యాక ఊళ్ళో పిల్లలందరూ అదే ఆట. ఒకడు క్యారెట్, ఒకడు బెల్లం ముక్క, ఇంకొకడు ఉత్త చేయి చూపించి ఏడిపించడం.

దసరా సెలవుల్లో మామయ్య కొడుకు, అందరం చిన్నోడు అంటాం, తొట్టిలో నీళ్ళు పోయడానికి వెళ్ళాడు. బాద్‌షా వాడి చొక్కా జేబు మూతితో తడిమింది. వాడు నవ్వాడు, వాడూ ఆ రీల్ చూసినవాడే కదా. రెండోసారి గట్టిగా నెట్టింది. జేబులో ఏమీ లేదు. మూడోసారి భుజం పట్టేసింది.

గుర్రం కాటు కుక్క కాటులా ఉండదు. కుక్కకి కోరలు గుచ్చుకుంటాయి. గుర్రం ముందు పళ్ళు బల్లపరుపుగా ఉంటాయి, అవి నొక్కి నలిపేస్తాయి. చిన్నోడికి చర్మం కొంచెమే తెగింది, లోపల కండ మాత్రం బాగా నలిగింది. మూడు వారాలు వాడు ఆ చేయి పైకెత్తలేకపోయాడు. బడికి వెళ్ళినా బ్యాగు వాళ్ళమ్మే మోసింది.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు బాద్‌షాని కర్రతో కొట్టారు. మామయ్య అమ్మేద్దామని నిర్ణయించేసుకున్నాడు. "కరిచే గుర్రం మీద పెళ్ళికొడుకును ఎట్ల కూసోబెట్టాలె రా అల్లుడా?" అన్నాడు. కరెక్టే కదా. బ్యాండు మోగుతుంటుంది, టపాకాయలు పేలుతుంటాయి, చుట్టూ పిల్లలు. రిస్క్ తీసుకోలేడు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. కరుస్తుందని చెప్పి అమ్మితే సగం ధర కూడా రాదు. అలాంటి గుర్రం చేతులు మారి మారి చివరికి ఏ ఇటుక బట్టీలోనో తేలుతుంది. కరుస్తుందని చెప్పకుండా అమ్మితే ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడు. ఈ రెండూ నావల్లే. నాకు నిద్ర పట్టలేదు ఫ్రెండ్స్. "మామా, నలభై రోజులు టైమివ్వు" అని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. తర్వాత అత్తయ్య చెప్తే ఒప్పుకున్నాడు.

నేను బీటెక్ కంప్యూటర్స్. నాలుగేళ్ళు కోడ్ రాశాను. గుర్రాల గురించి నాకు తెలిసింది సున్నా. కానీ జాబ్‌లో ఒకటి నేర్చుకున్నా. బగ్ వస్తే ముందు స్క్రీన్‌ని తిట్టకూడదు, లాగ్స్ చూడాలి. అది ఎప్పుడు వస్తోంది, దానికి ముందు ఏం జరిగింది? ఇక్కడా అదే చేశాం. తెలిసినవాళ్ళని అడిగాం, పశువుల డాక్టర్‌ని పిలిచాం. ఆయన వచ్చీ రాగానే అన్న మొదటి మాట ఇది: "అలవాటు గురించి తర్వాత మాట్లాడదాం. ముందు నొప్పి ఉందేమో చూద్దాం."

ఇదే ఈ ఎపిసోడ్‌లో ఫస్ట్ పాయింట్. కరిచే గుర్రాన్ని చూసినప్పుడు ముందు నొప్పి సంగతి తేల్చుకోవాలి. దానికి నోరుంది గానీ మాట లేదు కదా.

డాక్టర్ ముందు నోరు చూశాడు. గుర్రం పళ్ళు మన పళ్ళలా కాదు. అరిగేకొద్దీ చిగురులోంచి ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూ ఉంటాయి. దాని పైదవడ కింది దవడ కంటే వెడల్పు. అందుకని నమిలేటప్పుడు పై దవడ పళ్ళకి బయటి అంచు, కింది దవడ పళ్ళకి లోపలి అంచు సరిగ్గా అరగవు. ఆ అంచులు కత్తిలా తయారవుతాయి. పైవి బుగ్గని కోస్తాయి, కిందివి నాలుకని కోస్తాయి. దాణా ఎక్కువ పెట్టి గడ్డి తక్కువ పెడితే నమలడం తగ్గుతుంది కాబట్టి ఈ సమస్య ఇంకా పెరుగుతుంది. బాద్‌షా బుగ్గ లోపల పుండు ఉంది. మాలో ఎవరికీ తెలీదు! డాక్టర్ మత్తు ఇచ్చి, నోరు తెరిచి పట్టే ఇనుప చట్రం పెట్టి, పొడవాటి ఆకురాయితో ఆ అంచులు అరగదీశాడు. ఏడాదికి ఒక్కసారైనా పళ్ళు చూపించాలని చెప్పాడు.

తర్వాత కళ్ళెం. కొందరు ముళ్ళ కళ్ళెం వాడతారు, గుర్రం చెప్పిన మాట వింటుందని. అది నోట్లో గాయం చేస్తుంది. మన దేశంలో 1965లో వచ్చిన బండి, బరువు లాగే పశువుల నిబంధనల్లోనే ముళ్ళున్న కళ్ళేలని నిషేధించారు. మీ ఊళ్ళో ఎవరైనా వాడుతుంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి.

తర్వాత పొట్ట. ఇది నాకు కొత్త. మనకి తిన్నప్పుడు పొట్టలో యాసిడ్ ఎక్కువ వస్తుంది. గుర్రానికి తిన్నా తినకపోయినా యాసిడ్ వస్తూనే ఉంటుంది. ఎందుకంటే అది రోజంతా కొంచెం కొంచెం మేయడానికి పుట్టిన జంతువు. పచ్చిక మీద వదిలేస్తే రోజులో పదహారు గంటల దాకా మేస్తుంది. మనం సాయంత్రం ముస్తాబు చేసి అర్ధరాత్రి దాకా బరాత్‌లో ఖాళీ కడుపుతో నిలబెడతాం. ఆ యాసిడ్ పొట్ట గోడలని తినేసి పుళ్ళు చేస్తుంది. అప్పుడు జీను పట్టీ, అదే పొట్ట కింద బిగించే పట్టీ, మా మామయ్య దాన్ని తంగు అంటాడు, అది బిగించగానే గుర్రం తల తిప్పి కరవడానికి వస్తుంది. చూసేవాళ్ళు దాన్ని పొగరు అంటారు.

లెక్క సింపుల్. గుర్రం తన బరువులో రోజుకి ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండు మేత తినాలి. అంటే 350 కిలోల గుర్రానికి ఐదు నుంచి ఏడు కిలోలు. ఉలవలు, శనగలు, తవుడు ఎంత పెట్టినా ఈ గడ్డి లెక్క మాత్రం తగ్గకూడదు. ఇప్పుడు మామయ్య బరాత్‌కి పంపే ముందు గడ్డి పెడతాడు, బండిలో ఒక మోపు వేసి పంపిస్తాడు. తంగు కూడా ఒకేసారి లాగి బిగించడు. కొంచెం బిగించి, నాలుగడుగులు నడిపించి, మళ్ళీ కొంచెం.

సరే, నొప్పి సంగతి చూశాం. పళ్ళు అరగదీసిన వారానికి బాద్‌షా కొంచెం శాంతించింది. కానీ జేబులు తడమడం మానలేదు. ఎందుకంటే అది నొప్పి వల్ల వచ్చింది కాదు, అలవాటు. రెండూ కలిసి ఉన్నాయి. దీన్ని అర్థం చేసుకోవాలంటే గుర్రం ఎలా మాట్లాడుతుందో తెలియాలి.

గుర్రం చాలావరకు చెప్పకుండా కరవదు. ముందు చెవులు వెనక్కి వాల్చి మెడకి అతికించేస్తుంది. జాగ్రత్త, చెవి ఊరికే వెనక్కి తిరిగితే కోపం అని కాదు, వెనకాల చప్పుడు వింటూ ఉండొచ్చు. గట్టిగా అతుక్కుపోయాయా లేదా చూడాలి. ముక్కు పక్కన ముడతలు పడతాయి. పెదవులు బిగుస్తాయి. తోక విసురుగా కొడుతుంది. మెడ పాములా ముందుకి చాస్తుంది. ఇవన్నీ అయ్యాకే పళ్ళు. చెవులు వాల్చినప్పుడల్లా మనం కొడితే అది చెవులు వాల్చడం మానేస్తుంది. కరవడం మానదు. వార్నింగ్ లేకుండా డైరెక్టుగా కరుస్తుంది. ఎర్రర్ మెసేజ్ వస్తోందని ఎర్రర్ మెసేజ్‌నే ఆఫ్ చేసినట్టు.

ఇంకో విషయం. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కానీ సరిగ్గా నుదుటి ముందు, మూతి కింద, తోక వెనకాల కనిపించదు. మీరు దాని నోటి ముందు వేళ్ళతో బెల్లం ముక్క పట్టుకుంటే ఆ ముక్క దానికి కనపడదు. పెదవులతో, మూతి మీది వెంట్రుకలతో తడిమి వెతుక్కుంటుంది. వేలేదో బెల్లమేదో దానికేం తెలుసు?

కరవడంలో కూడా రకాలున్నాయి. వయసులో ఉన్న మగ గుర్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. మనతోనూ అదే ఆట మొదలెడతాయి. మీరు మూతి మీద చిన్నగా కొట్టారా, అది మళ్ళీ వస్తుంది. దాని లెక్కలో మీరూ ఆడుతున్నట్టే. పిల్ల పక్కనున్న తల్లి గుర్రం కాపలాగా కరుస్తుంది. కాస్ట్రేషన్ చేయని మగ గుర్రం సంగతి వేరు, దానికి కాస్ట్రేషన్ చేయించాలా వద్దా అనేది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి. మా బాద్‌షాది మాత్రం తిండి కోసం వచ్చిన అలవాటు.

ఆ అలవాటు అంత గట్టిగా ఎలా పడిందో చెప్తా. మీకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మీ చేతిలో ఫోన్ ఉంది. ఫీడ్ కిందికి లాగి రిఫ్రెష్ చేస్తారు. ఒక్కోసారి మంచి పోస్ట్ వస్తుంది, ఒక్కోసారి ఏమీ రాదు. ఏమీ రానప్పుడు మానేస్తారా? ఇంకోసారి లాగుతారు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ పావురాల మీద, ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూపించింది ఇదే. ప్రతిసారీ తిండి దొరికితే వచ్చే అలవాటు కంటే, ఒకసారి దొరికి ఇంకోసారి దొరక్క ఉంటే వచ్చే అలవాటు చాలా మొండిది. బాద్‌షాకి మేం చేసింది అదే. ఒక జేబులో బిస్కెట్, ఇంకో జేబు ఖాళీ. సో, ఇంకొంచెం గట్టిగా నెట్టి చూడు, పట్టి లాగి చూడు. అలా రోజూ ట్రైనింగ్ ఇచ్చాం. ఫీజు బిస్కెట్లలో కట్టాం.

ఇక్కడ ఒక చిన్న హిస్టరీ. 1900ల మొదట్లో జర్మనీలో, బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో తట్టి జవాబు చెప్పేది. ఓనర్ వాన్ ఆస్టెన్, లెక్కల టీచర్. జనం ఎగబడి చూశారు. 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షలు చేసి తేల్చిందేమంటే, హాన్స్‌కి లెక్కలు రావు. జవాబు దగ్గరికి రాగానే అడిగినవాళ్ళ తల, ఒళ్ళు వాళ్ళకే తెలియకుండా కొంచెం కదులుతాయి. గుర్రం అది చూసి ఆపేస్తుంది. జవాబులు తప్పినప్పుడు హాన్స్‌కి చిరాకొచ్చేది, ఫంగ్‌స్ట్ కాట్లు కూడా తిన్నాడు పాపం. మనకి ఇందులో పాఠం ఏంటంటే, మనకే తెలియని మన కదలికని గుర్రం చదివేస్తుంది. అది మూతి ముందుకి తెస్తే మీరు భయపడి అడుగు వెనక్కి వేస్తారు. మీకది జాగ్రత్త. దానికది గెలుపు. "నేను నెడితే వీడు జరుగుతాడు" అని రాసుకుంటుంది.

మరి కొడితే తప్పేంటి అని చాలామంది అడుగుతారు. టైమింగ్ ఫ్రెండ్స్. ఆ రోజు చిన్నోణ్ణి ఎత్తుకుని, నీళ్ళతో కడిగి, ఏడుపు ఆపి, పది నిమిషాల తర్వాత వెళ్ళి కర్ర తీశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. అప్పటికి బాద్‌షా గడ్డి తింటోంది. దాని బుర్రలో కర్రకీ కాటుకీ లింకే లేదు. దానికి అర్థమైంది ఒక్కటే, మనుషులు ఊరికే వచ్చి కొడతారని. తర్వాత వారం రోజులు ఎవరు చేయెత్తినా తల విసిరికొట్టేది. కళ్ళెం వేయడమే కష్టమైపోయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అందుకే అంటారు. ఏ స్పందనైనా ఆ క్షణంలోనే, ఒక్క సెకను లోపే ఉండాలి. అంతకంటే లేటయితే వదిలేయడమే మంచిది.

ఇక మేం నలభై రోజులు ఏం చేశామో చెప్తా, ఒక్కొక్కటిగా.

ఒకటి, చేత్తో తిండి బంద్. బెల్లం, క్యారెట్ ఏదైనా తొట్టిలోనే. తొట్టి పెట్టే ముందు కూడా అది ఒకడుగు వెనక్కి వేసి నిలబడాలి. నిలబడ్డాకే తొట్టి కింద పెడతాం.

రెండు, చేయి చాపినంత దూరం. మనం దాని మూతి ముందు నిలబడకూడదు, భుజం పక్కన నిలబడాలి. అది పిలవకుండా మన దగ్గరికి మూతి తేకూడదు. ఆ రూల్ మనకి కూడా. అంటే మనం వెళ్ళి దాని ముక్కు పిసకడం, పెదవులతో ఆడటం ఉండకూడదు. మనం దాని మొహంతో ఆడుతూ, అది మన మీదికి రాకూడదంటే ఎలా?

మూడు, కాటు కోసం ఎదురు చూడొద్దు. మూతి మనవైపు తిరుగుతున్నప్పుడే, అదే క్షణంలో తాడు కదిపి వెనక్కి నడవమనాలి. రెండు మూడడుగులు. అది అడుగు వేసిన వెంటనే తాడు వదులు చేయాలి. ఆ వదలడమే దానికి జవాబు. కోపం వద్దు, అరుపులు వద్దు. రెండు సెకన్లలో పని అయిపోవాలి, తర్వాత ఏమీ జరగనట్టు ఉండాలి. జీను వేసేటప్పుడు, తోమేటప్పుడు మోచేయి కొంచెం బయటికి పెట్టుకోవాలి. అది తల తిప్పితే మూతి తనంతట తానే మోచేతికి తగులుతుంది. మనం కొట్టినట్టు ఉండదు.

నాలుగు, మంచిగా ఉన్నప్పుడు చెప్పాలి. ఇది అందరూ మర్చిపోతారు. తల నేరుగా పెట్టి మూడు సెకన్లు నిలబడిందా, మెడ కింద, జూలు అయిపోయే చోట గోకాలి. గుర్రాలు ఒకదాన్నొకటి ప్రేమగా గోక్కునే చోటు అదే. తర్వాత ఐదు సెకన్లు, పది సెకన్లు అలా పెంచుకుంటూ పోవాలి.

ఐదు, ఇంట్లో అందరిదీ ఒకటే రూల్. ఇదే అన్నిటికంటే కష్టం.

నాలుగో రోజు ఏమైందో తెలుసా? బాద్‌షా ఇంకా రెచ్చిపోయింది. జేబులు తడమడం, నెట్టడం, కాలు నేలకేసి కొట్టడం. నాకు భయమేసింది, పని చేయట్లేదేమో అని. లిఫ్ట్ రాకపోతే మనం బటన్ ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు నొక్కుతాం కదా, అదే ఇది. పాత పద్ధతి పని చేయనప్పుడు మానే ముందు ఒకసారి గట్టిగా ట్రై చేస్తుంది. ఆ టైములో జాలిపడి ఒక్క బిస్కెట్ ఇచ్చామా, ఇక అంతే, ఇంకా గట్టిగా నెడితే దొరుకుతుందని నేర్పినట్టే.

పన్నెండో రోజు సరిగ్గా అదే జరిగింది. తగ్గుతోంది అనుకుంటుండగా మళ్ళీ మొదటికొచ్చింది. ఎందుకా అని చూస్తే, మామయ్య దగ్గర ఎన్నో ఏళ్ళుగా గుర్రాలు చూసుకునే సాయిస్ తాత పొద్దున్నే ఎవరూ చూడకుండా అరచేతిలో బెల్లం పెడుతున్నాడు. నేను అడిగితే ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "దెబ్బలు తిన్నది బాబూ. ప్రేమగ పెట్టినా తప్పేనా?" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. బిస్కెట్లు పెట్టి చెడగొట్టినవాణ్ణి నేను, ఆయనకి నేనేం చెప్తాను? "తాతా, బెల్లం పెట్టు. కానీ తొట్టిలో పెట్టు. రేపు దీన్ని అమ్మేస్తే మనిద్దరం చూడను కూడా చూడలేం" అన్నాను. ఆ రోజు నుంచి తాతే నాకంటే స్ట్రిక్ట్. నేను ఒకసారి మర్చిపోయి దాని మూతి నిమిరితే నన్నే తిట్టాడు.

నలభయ్యో రోజు మామయ్య కావాలనే జేబులో బెల్లం వేసుకుని వచ్చి బాద్‌షా భుజం పక్కన నిలబడ్డాడు. దానికి వాసన వచ్చింది. తల మెల్లగా తిప్పింది. మేమందరం ఊపిరి బిగబట్టాం. మూతి సగం దూరం వచ్చింది, ఆగింది, మళ్ళీ నేరుగా పెట్టుకుంది. మామయ్య దాని మెడ గోకి, బెల్లం తీసుకెళ్ళి తొట్టిలో వేశాడు. "గుర్రం మంచిదే రా అల్లుడా. మనమే పాడు చేసినం" అన్నాడు. మనం అన్నాడు గానీ, ఎవరో ఇద్దరికీ తెలుసు.

బేరం ఆగిపోయింది. కానీ బాద్‌షా పూర్తిగా బాగైపోయిందని నేను చెప్పను. ఇప్పటికీ తంగు బిగించేటప్పుడు చెవులు వెనక్కి వేస్తుంది. మామయ్య దాన్ని ఇంకో నాలుగు నెలలు పెళ్ళిళ్ళకి పంపలేదు. ఇప్పుడు పంపినా పక్కన సాయిస్ తాత ఉండాల్సిందే, దాని మొహం దగ్గరికి ఎవర్నీ రానివ్వడు. ఇంకో మాట, ఇది అన్ని గుర్రాలకీ మీరే చేసుకోగలిగే పని కాదు. మనిషి మీదికి ఉరికి వచ్చే గుర్రం అయితే అనుభవం ఉన్న ట్రైనర్ దగ్గరికే వెళ్ళాలి. వీడియో చూసి ట్రై చేయొద్దు, నా వీడియో అయినా సరే. తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి. కాళ్ళకి బూట్లు ఉండాలి.

ఇప్పుడు ఇంపార్టెంట్ పార్ట్. గుర్రం కరిస్తే ఏం చేయాలి?

వెంటనే కుళాయి కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, పదిహేను నిమిషాలు మీరనుకునే దానికంటే ఎక్కువ. పసుపు, సున్నం, కాఫీ పొడి, కారం ఏదీ పెట్టొద్దు. తర్వాత హాస్పిటల్. టెటనస్ ఇంజక్షన్ సంగతి, రేబిస్ టీకా సంగతి డాక్టర్‌ని అడగండి. రేబిస్ కుక్కకే వస్తుందనుకుంటారు చాలామంది. పిచ్చికుక్క కరిస్తే గుర్రానికీ వస్తుంది, గుర్రం నుంచి మనిషికీ రావచ్చు. చర్మం తెగలేదు కదా అని ఊరుకోవద్దు, లోపల కండ నలిగి రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వేళ్ళు కొరికితే ఎముక కూడా చూపించుకోండి.

ఎప్పుడూ శాంతంగా ఉండే గుర్రం ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టి, నోట్లోంచి చొంగ కారుతూ, మింగలేక, నడకలో తూలుతుంటే దాని నోట్లో చేయి పెట్టొద్దు. గొంతులో ఏదో ఇరుక్కుందని చేయి పెట్టి చూసేవాళ్ళుంటారు. దూరంగా ఉండి పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇక బరాత్‌లో, బీచ్‌లో గుర్రం కనిపిస్తే ముందు దాని మనిషిని అడగండి. మూతి ముందు నుంచి కాకుండా, భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్ళండి. మొహం మీద ఫ్లాష్ కొట్టొద్దు. బుగ్గకి బుగ్గ ఆనించి సెల్ఫీ వద్దు. మీ చేత్తో ఏమీ తినిపించొద్దు. మీరు ఒక్క ముక్క పెట్టి వెళ్ళిపోతారు, మీ తర్వాత ఖాళీ చేతులతో వచ్చేది ఎవరి పిల్లాడో మీకు తెలీదు.

లాస్ట్‌గా చిన్నోడి సంగతి. వాడికి ఇప్పుడు చేయి బాగానే ఉంది. భుజం మీద మచ్చ ఉంది. ఆ నలభై రోజుల్లో ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగాడు, "బావా, నేనేం చేయలేదు కదా, అది నన్నే ఎందుకు కరిచింది?" అని. పదేళ్ళవాడు, తన తప్పేమో అని అన్ని రోజులూ లోపల పెట్టుకున్నాడు. రీల్ చూపించాను. అప్పటికి ఇంకా డిలీట్ చేయలేదు. "ఇది నేను నేర్పాను రా. నీ తప్పు లేదు, దాని తప్పూ లేదు" అన్నాను. వాడు రీల్ రెండుసార్లు చూసి, "మరి తీసెయ్ బావా" అన్నాడు. వాడి చేత్తోనే డిలీట్ చేయించాను.

వాడు ఇంకా బాద్‌షా దగ్గరికి వెళ్ళడు. దూరం నుంచి తొట్టి చూస్తాడు, నీళ్ళు తగ్గితే తాతని పిలుస్తాడు. వెళ్ళమని మేమెవరం అనం. వాడిష్టం, వాడి టైమ్.

అదీ ఫ్రెండ్స్, ఆ రీల్ కథ. మీ దగ్గర ఇలాంటి అనుభవాలుంటే కామెంట్స్‌లో రాయండి, గుర్రమే కానక్కర్లేదు, కుక్కైనా, ఆవైనా. పెళ్ళి సీజన్ వస్తోంది కాబట్టి మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఇది షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటాను.